డెల్టా ఇంటికి చెక్క నేల: రంగుకన్నా ముందు గదిని ఎంచుకోండి

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు పడకగదికి చెక్క నేల వేయించాలనుకుంటే ముందు రంగు చూస్తారు, తర్వాత చదరపు అడుగు ధర అడుగుతారు. గోదావరి డెల్టాలో ఈ రెండింటికన్నా ముందు తేలాల్సిన ప్రశ్న మరొకటి ఉంది: ఆ నేల ఏ గదిలో వేస్తున్నాం? పైన ఒలికిన నీళ్లను గుడ్డతో తుడిచేయవచ్చు. అడుగునుంచి ఎక్కే చెమ్మనూ, గాలిలో నెలల తరబడి నిలిచే తేమనూ అలా తుడవలేం. ఇక్కడ చెక్క నేలలు ఎక్కువగా పాడయ్యేది ఈ రెండింటివల్లే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు ఊరూరికీ చేరాక ఈ నేల ఏడాదిలో చాలా నెలలు తడిగానే ఉంటోంది. కాలువ పారుతున్నంతకాలం ఊట వల్ల భూగర్భజలం పైకి వస్తుంది. చాలా ఊళ్లలో కొద్ది అడుగులు తవ్వితే నీరు తగులుతుంది. పాత మండువా ఇళ్లను ఒకసారి గమనించండి. స్తంభం టేకుదే అయినా అది రాతి దిమ్మ మీద నిలబడి ఉంటుంది. దూలాలు, అటక పలకలు చెక్కవి, నడిచే నేల మాత్రం గచ్చు. చెక్కను భూమి చెమ్మకు అందకుండా ఉంచడం ఆ వడ్రంగులకు బాగా తెలుసు. బోర్డు మీద నిజమైన చెక్క పొర అంటించి చేసే ఇవాళ్టి వెనీర్ ఫ్లోరింగ్‌కూ అదే లెక్క వర్తిస్తుంది.

మొదటి పని: గదిని తేల్చుకోవడం

నా సలహా సూటిగా చెబుతాను. మొదటి అంతస్తులో గానీ ఆ పైన గానీ ఉన్న పడకగది, చదువుకునే గది, రోజూ ఏసీ వాడే గది చెక్క నేలకు బాగుంటాయి. వంటగది, స్నానాలగది గుమ్మం ముందు భాగం, పూజగది, వసారా వద్దు. పూజగదిలో రోజూ నూనె, నీళ్లు, పసుపు, కుంకుమ పడతాయి, దీపం ఉంటుంది. అక్కడ రాయి, టైలు మాత్రమే నిలుస్తాయి.

కింది అంతస్తులో వేయాలనే పట్టుదల ఉంటే ముందు గోడలను చూడండి. అడుగు, రెండడుగుల ఎత్తులో రంగు పొక్కులు లేచి రాలుతోందా? టైళ్ల సందుల్లో తెల్లటి ఉప్పు తేలుతోందా? వర్షాకాలంలో నేల మీద పరిచిన చాప అడుగున చెమ్మ తగులుతోందా? ఈ మూడింట్లో ఒక్కటి కనిపించినా ఆ గదిలో చెక్క ఆలోచన మానుకోండి. కొత్తగా కడుతున్నవాళ్లకు మాత్రం ఒక అవకాశం ఉంది. పునాది గోడల మీద చెమ్మను ఆపే పొర వేయించి, కింది కాంక్రీటు పోయకముందే మందపాటి పాలిథిన్ షీటు పరిపిస్తే కింది గదులు కూడా పనికొస్తాయి. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఇంటి పక్కనే ఉన్నచోట, అంటే భీమవరం చుట్టుపక్కల చాలా ఊళ్లలో, ఈ జాగ్రత్త తప్పనిసరి.

లంక గ్రామాల్లోనూ, ఏటిగట్టుకు నదివైపు ఉన్న ఇళ్లలోనూ కింది అంతస్తుకు చెక్క నేల వద్దే వద్దు. 1986 ఆగస్టు వరదను చూసినవారికి, 2022 జూలైలో మళ్లీ నీళ్లు చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు.

రెండో పని: చెమ్మ పరీక్ష, సరైన కాలంలో

చాలామంది వేసవి సెలవుల్లో ఈ పని పెట్టుకుంటారు. అప్పటికి కాలువలు కట్టేసి ఉంటాయి, భూగర్భజలం దిగి ఉంటుంది, నేల పొడిగా కనిపిస్తుంది. ఆ పొడిని నమ్మి కింది గదిలో పలకలు పరిస్తే జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలిన కొన్ని వారాలకే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే కింది గదుల చెమ్మను కాలువ పారుతున్న రోజుల్లో, వీలైతే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పరీక్షించాలి. పై అంతస్తు శ్లాబుకు ఈ పట్టింపు లేదు. అది పోసిన తరువాత పూర్తిగా ఆరిందో లేదో చూస్తే చాలు.

పరీక్ష తేలిక. గజం చదరం పారదర్శక పాలిథిన్ షీటును నేల మీద పరిచి, నాలుగు అంచులనూ గాలి చొరబడకుండా టేపుతో అంటించాలి. కనీసం ఒక రోజు, కింది గదుల్లో రెండు మూడు రోజులు అలాగే ఉంచాలి. షీటు లోపలివైపు నీటి బిందువులు కనిపించినా, దాని కింది నేల నల్లబడినా చెమ్మ ఎక్కుతోందనే అర్థం. గదికి ఒకచోట సరిపోదు. గోడ పక్కన ఒకటి, మధ్యలో ఒకటి, స్నానాలగది వైపు ఒకటి వేయండి.

కొత్త కాంక్రీటుకు 28 రోజుల క్యూరింగ్ అయిపోతే పని పూర్తయినట్టేనని తాపీ మేస్త్రి అనవచ్చు. ఆ 28 రోజులు బలానికి సంబంధించిన లెక్క. ఆరడం వేరే సంగతి. అంగుళం మందం ఆరడానికి సుమారు ఒక నెల పడుతుందన్నది మోటు లెక్క, మన వానల్లో ఇంకా ఎక్కువే పడుతుంది. నాలుగంగుళాల కాంక్రీటు పోసి రెండు నెలలు తిరగకుండా గృహప్రవేశం ముహూర్తం కోసం చెక్క పరిపించేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. ముహూర్తానికి ఇల్లు సిద్ధం చేసుకోండి, చెక్క పనిని తర్వాతి నెలలకు వాయిదా వేయండి.

మూడో పని: దుకాణంలో చూడాల్సినవి

రాజమహేంద్రవరంలో అడిగినా కాకినాడలో అడిగినా ‘వుడెన్ ఫ్లోరింగ్’ అనే ఒకే పేరుతో మూడు వేరు వేరు సరుకులు చూపిస్తారు. లామినేట్ అంటే గట్టి పీచు బోర్డు మీద చెక్క బొమ్మ ముద్రించిన కాగితం, దాని మీద పారదర్శక పూత. వినైల్ పలకల్లో చెక్కే ఉండదు, అది ప్లాస్టిక్. మనం మాట్లాడుతున్నది మూడోది: ప్లైవుడ్ లేదా పీచు బోర్డు మీద నిజమైన చెక్క పొర అంటించిన పలక. దీన్నే ఇంజనీర్డ్ వుడ్ అని కూడా అంటారు. కాబట్టి మొదటి ప్రశ్న, ‘పైపొర చెక్కా, కాగితమా?’ అని.

జవాబు నోటితో కాకుండా పలక అంచుతో చెప్పించండి. పలకను నిలబెట్టి పక్కనుంచి చూస్తే పైపొర మందం తెలుస్తుంది. 0.6 మిల్లీమీటర్లు ఉంటే దాన్ని ఎప్పటికీ గీకి పాలిష్ చేయలేం, అరిగితే మార్చుకోవడమే. 2 మిల్లీమీటర్ల పొరను జాగ్రత్తగా ఒకసారి గీకవచ్చు. 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటే రెండు మూడుసార్లు పాలిష్‌కు వస్తుంది, ఆ నేల రెండు తరాలకు ఉపయోగపడుతుంది. డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే అరుదైన చెక్కపేరు మీద కాదు, ఈ మందం మీదా అడుగుపొర మీదా పెట్టమంటాను.

అడుగుపొర గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. చెక్క తేమ పీల్చినప్పుడు పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మాత్రం ఉబ్బుతుంది. ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా, పక్క పొర నార అడ్డంగా ఉంటాయి కాబట్టి ఒకదాని ఉబ్బును ఒకటి పట్టి ఉంచుతుంది. పీచు బోర్డుకు ఈ కట్టుబాటు లేదు. ఒకసారి నీళ్లు తాగి ఉబ్బితే ఆరినా మళ్లీ పాత మందానికి రాదు. మన వాతావరణానికి ప్లైవుడ్ అడుగే తీసుకోండి, అందులోనూ మరుగుతున్న నీటికి తట్టుకునే జిగురుతో చేసినది. ఐఎస్ 710 అనేది మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం. అడుగుపొర ఆ స్థాయిదని బిల్లు మీదో పెట్టె మీదో రాసి ఉంటే మంచిది. రాత లేకపోతే నమూనా ముక్క అడిగి ఇంటికి తెచ్చి, ఒక రోజంతా బకెట్ నీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టండి. పొరలు గోరు దూరేంత విడిపోతే ఆ సరుకు వద్దు. మంచి దుకాణదారు ఈ పరీక్షకు అభ్యంతరం చెప్పడు.

చెక్క జాతి విషయంలో నా మొగ్గు టేకు వైపే. ఓక్ టేకుకన్నా గట్టిది, కుర్చీ కాలు గుచ్చుకున్నా త్వరగా నొక్కుపడదు. కానీ తేమ హెచ్చుతగ్గులకు టేకు తక్కువగా కదులుతుంది, మనకు కావలసింది అదే. పైపెచ్చు ఇంట్లో టేకు ద్వారబంధాలు, తలుపులు ఉంటే నేల వాటితో కలిసిపోతుంది. వాల్‌నట్ అందంగా ఉంటుంది, ఎండ తగిలే గదిలో రంగు వెలిసిపోతుంది.

పైపూతలు రెండు రకాలు. ఫ్యాక్టరీలోనే గట్టిపరచిన లక్క (లాకర్) పూత గట్టిగా ఉంటుంది, రోజువారీ సేవ తక్కువ. అయితే గీత పడితే ఆ ఒక్కచోటే సరిచేయడం కష్టం. నూనె, మైనం కలిసిన పూత చెక్క స్పర్శను ఉంచుతుంది, గీత పడినచోట మాత్రమే మళ్లీ రుద్దుకోవచ్చు. కానీ ఏడాదికో రెండేళ్లకో మొత్తం నేలకు మళ్లీ పూయాలి, పసుపు మరక కూడా లోపలికి దిగుతుంది. మన ఇళ్లకు మెరుపు తక్కువ ఉన్న లక్క పూత నయం. మెరిసే నేల మీద ప్రతి పాదముద్రా, ప్రతి గీతా కనిపిస్తుంది.

కొనేటప్పుడు గది విస్తీర్ణానికి పది శాతం కలపండి, మరమ్మతుల కోసం ఒక పెట్టె అదనంగా ఉంచుకోండి. ఆ రంగు, ఆ మందం మూడేళ్ల తర్వాత దొరుకుతాయన్న భరోసా లేదు. పిల్లలు పడుకునే గది అయితే జిగురునుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు ఎంతో తెలిపే ఈ1 లేదా ఈ0 గుర్తు పెట్టె మీద ఉందేమో చూడండి.

నాలుగో పని: చెదలు

టేకు చేవకు చెదలు అంత తేలికగా పట్టవు. ఈ మాట విని పైపొర టేకైతే భయం లేదనుకుంటారు. అడుగుపొర జామాయిల్ లాంటి చెక్కతో చేసినది కావచ్చు, చెదలకు కావలసింది అదే. పైన చెక్కుచెదరకుండా కనిపిస్తూనే లోపల మట్టి నిండిపోతుంది. ఇల్లు కట్టక ముందైతే పునాదుల దశలోనే చెదల మందు వేయించాలి. కట్టేసిన ఇంట్లో గోడ, నేల కలిసే మూల వెంబడి అడుగుకొక రంధ్రం చేసి మందు ఎక్కించి మూసేస్తారు. ఈ రెండు పద్ధతులూ ఐఎస్ 6313 ప్రమాణంలో ఉన్నాయి, పనివాళ్లు వాటినే పాటిస్తున్నారో లేదో అడగండి. పై అంతస్తు కదా అని వదిలేయకండి. చెదలు గోడ పగుళ్ల వెంట, తలుపు చట్రాల వెంట, కరెంటు పైపుల వెంట మొదటి అంతస్తుకు రావడం ఇక్కడ మామూలే.

ఐదో పని: పరచడం

పలకల పెట్టెలను తెరవకుండా, నిలబెట్టకుండా, వేయబోయే గదిలోనే నేల మీద పడుకోబెట్టి రెండు మూడు రోజులు ఉంచాలి. ఆ గదిలో మీరు ఏసీ ఎలా వాడతారో ఆ రోజుల్లోనూ అలాగే వాడండి. గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట చెక్క తనలో సుమారు 9 శాతం నీటిని నిలుపుకుంటుంది. 80 శాతం ఉన్నచోట అది 15 శాతానికి చేరుతుంది. వానల్లో పెట్టెలను వసారాలో పడేసి, అక్కడినుంచి తెచ్చి ఏసీ గదిలో వెంటనే పరిస్తే ఉబ్బిన పలకలు తరువాత కుంచించుకుపోయి సందులు పడతాయి.

పాత టైళ్ల మీదే పరవవచ్చు. ముందు ప్రతి టైలునూ కర్రతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినవాటిని తీసి నింపాలి. రెండు మీటర్ల నిటారు బద్దను నేల మీద ఎటు పెట్టినా కింద 3 మిల్లీమీటర్లకన్నా ఎక్కువ సందు ఉండకూడదు. ఎత్తుపల్లాలున్న నేల మీద వేసిన పలకలు అడుగు పెట్టినప్పుడల్లా కిర్రుమంటాయి, కొన్నాళ్లకు వాటిని ఒకదానితో ఒకటి కలిపే కొక్కేలు విరుగుతాయి. దిద్దుబాటుకు తనంతట తానే చదునయ్యే సిమెంటు మిశ్రమం దొరుకుతుంది. అది పోశాక మళ్లీ ఆరనివ్వాలి.

తర్వాత 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరవాలి. షీటుమీద షీటు 20 సెంటీమీటర్లు ఎక్కేలా వేసి, టేపు వేసి, గోడల దగ్గర రెండంగుళాలు పైకి మడవాలి. దాని మీద రెండు మూడు మిల్లీమీటర్ల ఫోము. కొన్ని ఫోములకు పాలిథిన్ ముందే అంటించి ఉంటుంది. డెల్టాలో అలాంటప్పుడు కూడా విడిగా ఒక షీటు వేయించమంటాను, పెరిగే ఖర్చు చాలా చిన్నది.

పలకలను వెలుగు వచ్చే కిటికీ వైపు నిలువుగా వేస్తే అతుకులు తక్కువగా కనిపిస్తాయి. మూడు నాలుగు పెట్టెలు తెరిచి కలిపి వాడితే రంగు తేడా ఒకేచోట గుంపుగా పడదు. పక్క పక్క వరసల కొస అతుకులు కనీసం ఒక అడుగు దూరంలో ఉండాలి.

పనివాడి పక్కనే నిలబడి చూడాల్సింది గోడ దగ్గర సందు. నాలుగు వైపులా, ద్వారబంధాల దగ్గర, పైపుల చుట్టూ 10 నుంచి 12 మిల్లీమీటర్లు వదలాలి. వర్షాకాలంలో నేల ఉబ్బడానికి చోటు అదే. త్వరగా ముగించాలని గోడకు తాకించి కోసేస్తే ఆగస్టులో గది మధ్య పలకలు పైకి లేస్తాయి. ఆ సందును స్కర్టింగ్, అంటే గోడ అడుగున కొట్టే పట్టీ, కప్పుతుంది. స్కర్టింగ్‌ను గోడకే కొట్టాలి, పలకకు కాదు. సందులోకి సిమెంటు, సిలికాన్, మిగిలిన చెక్క ముక్కలు కుక్కనివ్వకండి. గోడకు బిగించే బరువైన వార్డ్‌రోబ్‌ను ముందే పెట్టించి, దాని ముందువరకే పలకలు వేయించండి. జిగురు లేకుండా తేలేలా పరిచిన నేలను ఒకవైపు బరువు నొక్కిపెడితే అది కదలలేక రెండోవైపు ఉబ్బి లేస్తుంది. గది పొడవు 8 మీటర్లు దాటితే మధ్యలో విడుపు పట్టీ వేయాలి. తలుపు అడుగున కోత అవసరమవుతుందని వడ్రంగికి ముందే చెప్పండి.

రోజువారీ శుభ్రత

మన ఇళ్లలో నేల కడగడం, తడిగుడ్డ పెట్టడం తరతరాల అలవాటు. చెక్క నేలకు ఆ పద్ధతి మార్చుకోవాలి, పనిమనిషికి కూడా ఓపికగా చూపించాలి. ముందు మెత్తటి చీపురుతో లేదా పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఇసుక పూర్తిగా తీసేయాలి. గోదావరి ఇసుక రేణువు ఒక్కటి కాలి కింద పడితే గరుకు కాగితం గీసినట్టు గీస్తుంది. గుమ్మం బయట ఒక పట్టా, లోపల ఒక పట్టా వేయండి. వారానికి ఒకటి రెండుసార్లు గుడ్డను గట్టిగా పిండి తుడవండి. తుడిచిన చోట ఒకటి రెండు నిమిషాల్లో ఆరిపోవాలి, అంతకన్నా తడి ఉంటే గుడ్డ సరిగా పిండనట్టే.

ఫినాయిల్ వాడకండి. అది జిడ్డు పొరలా మిగిలి మెరుపును చంపుతుంది, ఆ పొరకు మళ్లీ దుమ్ము పడుతుంది. బ్లీచింగ్, ఆమ్లాలు, ఆవిరి తుడుపు యంత్రాలు కూడా వద్దు. లక్క పూతకు పనికొచ్చే తటస్థ శుభ్రపరిచే ద్రవం కొద్దిగా నీళ్లలో కలిపితే చాలు.

ముగ్గు పిండిలో రాతి పొడి ఉంటుంది, కాబట్టి చెక్క మీద ముగ్గు వేయకండి. వ్రతానికో పేరంటానికో వేయక తప్పకపోతే పలుచని ప్లైవుడ్ పలక మీద వేసి నేల మీద పెట్టండి. పసుపు పడితే వెంటనే పొడిగుడ్డతో ఎత్తి, ఆ తర్వాత తడి పెట్టండి. మిగిలిన లేత పసుపు రంగు ఎండ వెలుతురు తగిలితే క్రమంగా తగ్గుతుంది. సంక్రాంతికి ఇల్లు నిండా జనం వచ్చే ముందు కుర్చీలు, మంచాల కాళ్లకు ఫెల్టు బిళ్లలు అంటించండి, అరిగినవి మార్చండి. మంచాన్ని ఈడ్చకుండా ఇద్దరు ఎత్తి జరపాలి.

కాలాన్నిబట్టి

చెక్క నేల తయారీదారులు సాధారణంగా గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలంటారు. మన బయటి గాలి వానాకాలంలో 80 దాటడం మామూలే. కొన్ని వందల రూపాయలకు దొరికే తేమ మీటరు ఒకటి గదిలో పెట్టుకోండి. రోహిణి కార్తెలో పడమటి వడగాలి వీచినప్పుడు, ముఖ్యంగా తణుకు, తాడేపల్లిగూడెం వైపు, పలకల మధ్య వెంట్రుకంత సందులు కనిపించవచ్చు. కంగారుపడి లప్పం నింపకండి. వానలు పడ్డాక అవే కలుస్తాయి. నింపిన లప్పం అప్పుడు అడ్డుపడి అంచులను పైకి తోస్తుంది.

వానాకాలంలో మరో చిక్కు ఉంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీలకు చల్లబడితే నీరుగా మారడం మొదలవుతుంది. రాత్రంతా ఏసీ 20లో పెట్టి, తెల్లవారగానే కిటికీలన్నీ తెరిస్తే చల్లటి నేల మీద సన్నటి చెమ్మ కమ్ముతుంది. ఏసీని 26 దగ్గర ఉంచండి, ఆపిన తరువాత గది కాస్త వేడెక్కేదాకా కిటికీలు మూసి ఉంచండి. ముసురు పట్టిన రోజుల్లో డ్రై మోడ్ వాడండి. అక్టోబరు, నవంబరు తుపాన్లలో కిటికీల అడుగు సందుల్లోంచి జల్లు లోపలికి కొడుతుంది. సముద్రం వైపు కిటికీల కింద పాత తువ్వాళ్లు పెట్టి, గాలి తగ్గగానే తీసి తుడవండి.

తాళం వేసిన ఇల్లు

కోనసీమలో అందంగా కట్టి, ఏడాదిలో ఎక్కువ కాలం తాళం వేసి ఉంచే ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, పెద్దలు వాళ్ల దగ్గరికి వెళతారు. జూన్ నుంచి నవంబరు దాకా మూసి ఉన్న గదిలో చెక్క నేలకు బూజు పడుతుంది, అడుగుపొర మెత్తబడుతుంది. ఇంటిని చూసుకునేవాళ్లు ఉంటే వారానికి రెండుసార్లు ఎండ కాసిన మధ్యాహ్నం కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి, సాయంత్రం కాకముందే మూసేయమనండి. వాన రోజున తెరవవద్దని గట్టిగా చెప్పండి. గదిలో ఏసీ గానీ, నీరు పైపు ద్వారా బయటికి పోయే తేమ తీసే యంత్రం గానీ టైమరుతో రోజుకు కొన్ని గంటలు నడిచే ఏర్పాటు ఇంకా మేలు. తివాచీలు చుట్టి పైన పెట్టండి. ఈ ఏర్పాట్లేవీ కుదరని ఇంటికి నేను చెక్క నేల వేయించమని చెప్పను. చెక్కను పోలిన టైలు వేయించుకుంటే తాళం తీసిన రోజున మనసు బాధపడదు.

తేడా కనిపించినప్పుడు

పలక అంచులు లేచి మధ్య గుంటపడితే చెమ్మ కిందినుంచి వస్తోందని గుర్తు. పైపు కారుతోందా, స్నానాలగది గోడ నానుతోందా వెతకండి. కారణం తీరకుండా గీకించవద్దు. అంచులు గీకేశాక పలక ఆరి చదునైతే మధ్యభాగం ఉబ్బుగా మిగిలిపోతుంది. కారణం తీర్చి, కొన్ని వారాలు ఆరనిచ్చి, అప్పుడు చూడండి. పలకలు గుడారంలా లేస్తే ముందు స్కర్టింగ్ విప్పి గోడ సందు చూడండి. చాలాసార్లు పలక గోడను నొక్కుతూ ఉంటుంది, అక్కడ కొంచెం కోస్తే నేల దానంతట అదే దిగుతుంది.

చిన్న గీతలకు ఆ రంగు మైనపు కడ్డీ సరిపోతుంది. పైపొర లేచిన పలకను జిగురుతో అతికించడం తాత్కాలికమే, దాచిన పెట్టెలోంచి కొత్తది తీసి మార్చండి. కొక్కేలతో కలిపిన నేల అయితే దగ్గరి గోడ వైపునుంచి వరసలు విప్పుకుంటూ వచ్చి మార్చవచ్చు. విప్పేముందు ప్రతి పలక వెనుక సుద్దముక్కతో వరస సంఖ్య రాయించండి. నీళ్లు అడుగుకు దిగాయని అనుమానం వస్తే పైన ఎంత తుడిచినా లాభం లేదు. ఒక మూల పలకలు ఎత్తి, ఫోము చేత్తో తాకి చూసి, తడిగా ఉంటే ఆ భాగమంతా విప్పి శ్లాబు ఆరేదాకా ఫ్యాను పెట్టి, కొత్త షీటు, కొత్త ఫోము వేసి మళ్లీ బిగించాలి.